అనధికార నీరు

మా గోరింటపాడు మున్సిపాలిటీలో పంపు నడవాలంటే ముందు ఆ పంపు ఉన్నట్టు రుజువు కావాలి. అది ఎదురుగానే ఉంటుంది. పంపుహౌసు గుమ్మం దాటితే చాలు, మోకాలికి తగులుతుంది. కానీ మోకాలి దెబ్బ రుజువు కిందికి రాదట. రుజువంటే లేబుల్. కూరగాయల బండి మీద డబ్బు కట్టడానికి అట్టముక్కకి నల్లచుక్కల చదరం అంటిస్తారే, అచ్చం అలాంటిదే. దాని ముందు ఫోను పెడితే ఆ యంత్రానికి ఎప్పుడు గ్రీజు పెట్టారు, ఎప్పుడు బేరింగు మార్చారు, ఎవరు మార్చారు, పుట్టుపూర్వోత్తరాలన్నీ తెర మీదికి వస్తాయి. వస్తాయని చెప్పారు. నేను ఆ మున్సిపాలిటీలోనే నీటి సరఫరా విభాగంలో సీనియర్ అసిస్టెంటుని, పేరు భ్రమరాంబ. కాబట్టి చెప్పింది ఎవరో, ఎంతసేపు చెప్పారో కూడా నాకు బాగా తెలుసు.

చెప్పింది మా కమిషనర్ చిదానందం గారు. మనిషి వెన్నపూస. లంచం ముట్టరు, ఎవరినీ కసురుకోరు, అటెండరుని కూడా మీరు అంటారు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, శిక్షణ. రాజధానికి వెళ్లి ఏదో ఒక శిక్షణ పొంది వస్తారు, వచ్చిన మర్నాటి నుంచి మా ప్రాణాలు తోడేస్తారు. ఒకసారి నిలబడి పనిచేస్తే బుర్ర చురుగ్గా ఉంటుందని నేర్చుకొచ్చి కుర్చీలన్నీ గోదాములో వేయించారు. బుర్రల సంగతేమో గాని మా అందరికీ పిక్కలు పట్టేశాయి. ఇంకోసారి కాగితం వాడకూడదని నేర్చుకొచ్చి ఆ విషయం అందరికీ తెలియాలని మూడు కట్టల కాగితం అచ్చు వేయించారు. ఈసారి లేబుళ్లు నేర్చుకొచ్చారు.

"మిత్రులారా! నేటి నుండి మన పురపాలక సంఘమునందు ఏ పరికరమూ అనాథ కాదు. ప్రతి పరికరమునకూ ఒక గుర్తింపు, ప్రతి గుర్తింపునకూ ఒక చరిత్ర. స్కాన్ లేనిదే స్విచ్ లేదు!" అన్నారాయన మీటింగులో, గాలిలో వేలితో ఒక చదరం గీసి చూపిస్తూ.

అందరం చప్పట్లు కొట్టాం. టీ ఇంకా రాలేదు మరి.

మర్నాడే పంపుహౌసులో శ్రీకారం చుట్టారు. మా ఊరికంతటికీ నీళ్లు తోడేది ఒకే ఒక్క పెద్ద పంపు. దాని ఆపరేటర్ సూరిబాబు దాన్ని గంగమ్మ అంటాడు. గంగమ్మ మెడలో తీగతో కట్టిన అట్ట ఒకటి ఉండేది, గ్రీజు పెట్టినప్పుడల్లా సూరిబాబు దాని మీద తేదీ గీకేవాడు. "ద్వంద్వ నమోదు నిషిద్ధం" అని కమిషనర్ గారు ఆ అట్ట తీయించేశారు. దాని స్థానంలో పలక అంత లేబుల్ ఒకటి అంటించారు. స్టార్టర్ పెట్టెకి ఎలక్ట్రానిక్ తాళం వేయించారు. లేబుల్‌ని స్కాన్ చేస్తేనే తాళం తెరుచుకుంటుంది, తాళం తెరుచుకుంటేనే పంపు తిరుగుతుంది. స్కాన్ చేసే ఫోను ఆఫీసు మొత్తానికి ఒక్కటే. దానికి మఖమల్ సంచి కుట్టించారు.

"సూరిబాబు గారూ, మీరు ప్రతిదినమూ లేబుల్‌ను మెత్తని గుడ్డతో తుడిచి, తుడిచినట్లు ఫోనులో నమోదు చేయవలెను" అన్నారు కమిషనర్ గారు.

"ఆయ్, అలాగేనండి. గ్రీజు పెట్టేసి, ఆనక తుడిచేత్తానండి."

"గ్రీజు చేతులతో లేబుల్‌ను తాకుతారా?"

సూరిబాబు తన చేతులు తాను చూసుకున్నాడు. మేమందరం కూడా చూశాం. ఆ చేతులు తాకితే ఏ లేబులూ బతకదు, అందులో అనుమానం లేదు. ఆ క్షణమే గ్రీజు డబ్బాని స్టోరుగదిలో పెట్టి తాళం వేయించారు. మేమంతా తలలూపాం. సూరిబాబు అయితే సంతోషించాడు కూడా, చేతులు తెల్లబడితే పెళ్లాం మెచ్చుకుంటుందని.

పంపుతో ఆగితే దాన్ని ఉత్సాహం అనరు. "పరికరము అనగానేమి?" అని కమిషనర్ గారు ఒక సర్క్యులర్ వేశారు. "నిర్వహణ అవసరమగు వస్తువేదైనను పరికరమే" అని అందులోనే జవాబు కూడా రాశారు. అంతే, నిచ్చెనకి లేబుల్, గడ్డపారకి లేబుల్, అటెండరు నొక్కే గంటకి లేబుల్. చీపురుకి అంటిస్తే మూడో ఊడ్పుకే ఊడిపోయింది, దాన్ని ఆ చీపురే చెత్తతో పాటు ఊడ్చేసింది. లేబుల్ లేని చీపురుతో ఊడవకూడదు గనక ఆఫీసు ఊడవడం మానేశాం.

తర్వాత లేబుళ్లు అచ్చువేసే మిషనుకి లేబుల్ లేదని ఎవరో కనిపెట్టారు. లేబుల్ లేని మిషను మీద అచ్చు వేయకూడదు. అచ్చు వేయనిదే దానికి లేబుల్ రాదు. రెండు పూటలు ఆఫీసంతా బుర్రలు పట్టుకుని కూర్చున్నాం. చివరికి పక్క మున్సిపాలిటీకి దౌత్యం నడిపి, వాళ్ల మిషను మీద మా మిషనుకి లేబుల్ వేయించుకొచ్చాం. బ్యాండుమేళం పెట్టలేదంతే.

ఆ గండం గడిచిందో లేదో స్కాన్ చేసే ఫోను కూడా పరికరమే కదా అన్నది తేలింది. ఫోను వీపు మీద లేబుల్ అంటించారు. కానీ ఫోను కన్నూ ఉన్నది వీపు మీదే. తన వీపు తాను చూసుకోవడం ఏ ఫోనుకి సాధ్యం? కమిషనర్ గారు కళ్లు మూసుకుని ఆలోచించి, అద్దం తెప్పించారు. రోజూ పొద్దున్నే ఫోనుని అద్దం ముందు పెట్టి, అది తన్ను తాను చూసుకుని నేనున్నాను అని ఒప్పుకున్నాక మాత్రమే తక్కిన పనులు. ఆ తర్వాత అద్దానికి లేబుల్ అంటించారు. చెప్పక్కర్లేదనుకోండి.

వానాకాలంలో ఒకనాడు మా సెక్షన్ కప్పు కారి, మూలన ఉన్న బకెట్ నిండింది. చేతులు కడుక్కుందామని నేను వంగాను.

"ఆగండి భ్రమరాంబ గారూ! ఈ నీరు ఏ పరికరము ద్వారా సరఫరా అయినది?" అన్నారు కమిషనర్ గారు గుమ్మంలోంచి.

"కప్పు ద్వారానండి."

"కప్పునకు లేబుల్ కలదా?"

"లేదండి."

"అయినచో ఇది అనధికార నీరు. మూలపరికరము నమోదు కాని నీటిని ఉద్యోగి గాని, పౌరుడు గాని వినియోగించరాదు. పారబోయించండి."

పారబోయించాం. ఆ మర్నాడే ఆ మాట సర్క్యులర్ అయి, నా బల్ల మీదికే వచ్చింది. నేను నవ్వుకుని చెక్కబీరువాలో పడేశాను. ఎవడి నీళ్లు ఎవడికి అనధికారమైతే నాకేమిటి అనుకున్నాను.

ఇంతలో మా అమ్మాయి హైమ పురిటికి వచ్చి, పండులాంటి ఆడపిల్లని కంది. బారసాల మా ఇంట్లోనే చేయాలి. హైమ అత్తవారు ఊరు ఊరంతా కదిలి వస్తామన్నారు. వాళ్లు ఒక్క బస్సు మాట్లాడుకున్నామన్నారు గాని, మా వియ్యపురాలు రత్నమాణిక్యం గారి సంగతి నాకు తెలుసు, ఆవిడ ఒక్క బస్సులో పట్టేంతమందితో ఏనాడూ ఆగలేదు. హైమ పెళ్లిలో పులిహోరలో ఉప్పు తగ్గిందని ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఎదురుగా అనదు. ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా ఉప్పుగిన్నె తెమ్మని, నా వైపు చూసి, "అలవాటైపోయింది వదినగారూ" అంటుంది. నా ఒంట్లో రక్తం సలసల కాగుతుంది. ఈ బారసాలలో ఆవిడ నోరు మూయించకపోతే నా పేరు భ్రమరాంబ కాదు అని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. వంటవాళ్లని ఊళ్లో పేరున్నవాళ్లని మాట్లాడాను. కమిషనర్ గారిని ముఖ్య అతిథిగా పిలిచాను. ముహూర్తం దసరా మర్నాడు పొద్దున.

దసరా నాడు పంపుహౌసులో ఆయుధపూజ ఎప్పుడూ జరిగేదే. ఈసారి కమిషనర్ గారు స్వయంగా పట్టుబట్టలు కట్టుకుని వచ్చారు. సూరిబాబు గంగమ్మని కడిగి, ఒళ్లంతా పసుపు పూశాడు. కుంకుమ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"బొట్టు ఎక్కడెట్టమంటారండీ? ఏడాదేడాదీ మూత మీదెట్టేవోళ్లం."

కమిషనర్ గారు చిరునవ్వు నవ్వారు. "సూరిబాబు గారూ, ఇంతకు మునుపు ఈ యంత్రమునకు ముఖము లేదు. నేడు కలదు" అని లేబుల్ చూపించారు.

నిజమే సుమండీ. ఆ లేబుల్‌కి మూడు మూలల్లో మూడు నల్లచదరాలు ఉంటాయి, ఒక్కోదాని చుట్టూ గళ్లు గీసి, ఇదిగో ఇక్కడ పెట్టు అన్నట్టుగా. కమిషనర్ గారు ఉంగరం వేలితో మూడింటి మీదా ఇంతింత కుంకుమ అద్దారు, చదరాలు కనపడకుండా నిండుగా. మేమందరం ఆహా అన్నాం. ఆయన చేసినట్టే తక్కినవాళ్లూ చేశారు. నీళ్ల ట్యాంకరుకి, జనరేటరుకి, అచ్చు మిషనుకి, నిచ్చెనకి, గంటకి, అద్దానికి, లేబుల్ పట్టిన చోటల్లా ముందు పసుపు రాసి, మూడేసి బొట్లు పెట్టారు. కొబ్బరికాయలు కొట్టారు. ఫోనుకి ఒక్కదానికే పెట్టలేదు, అది ఫోటోలు తీస్తోంది గనక.

మధ్యాహ్నం మర్నాటి సరఫరాకి ట్యాంకు నింపాలని సూరిబాబు ఫోను పెట్టి స్కాన్ చేశాడు. ఫోను కాసేపు దిక్కులు చూసింది. తర్వాత తెర మీద అక్షరాలు వచ్చాయి. "ఈ పరికరం లేదు."

గంగమ్మ పసుపు ఒంటితో, మూడు బొట్లతో, మెడలో బంతిపూల దండతో నిండుగా కూర్చుని ఉంది. లేదట.

ట్యాంకరూ లేదు. జనరేటరూ లేదు. నిచ్చెన కూడా లేదు, దాని మీద ఎక్కి బల్బు తుడుస్తున్న మనిషి మాత్రం ఉన్నాడు. సూరిబాబు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు, నేను వంటవాళ్లకి బెండకాయలు లెక్కపెట్టి ఇస్తున్నదాన్ని అలాగే వదిలేసి కమిషనర్ గారింటికి పరిగెత్తాను. పండగపూట ఆయన పంపుహౌసులోనే అత్యవసర సమావేశం పెట్టారు.

"సార్, రేపు పొద్దున మా ఇంట్లో బారసాల. వియ్యాలవారు బస్సులో ఉన్నారు. వంటకి నీళ్లు లేవు. ప్రైవేటు ట్యాంకర్లవాళ్లు నింపుకునేది కూడా మన పంపు దగ్గరే" అన్నాను ఒక్క గుక్కలో.

"మీ ఆవేదన నా దృష్టిలో కలదు. కానీ వ్యవస్థ ప్రకారం సదరు పంపు ప్రస్తుతము ఉనికిలో లేదు. లేని పంపును నడిపిన, వచ్చునది అనధికార నీరు."

"తాళం బద్దలు కొట్టేద్దామండి."

"తాళము కూడా పరికరమే. ఉనికిలో లేని తాళమును బద్దలు కొట్టినట్లు నేను ఎట్లు రాయను?"

"పోనీ కొత్త లేబుల్ అచ్చు వేయిద్దామండి."

"నకలు లేబుల్ కావలెనన్న అసలు లేబుల్‌ను స్కాన్ చేయవలెను."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంతెందుకండీ, ఆ కుంకుమ తుడిచేస్తే పోలా?" అని కొంగు చివర పట్టుకుని ముందుకు నడిచాను.

సూరిబాబు రెండు చేతులూ చాచి గంగమ్మకి అడ్డం నిలబడ్డాడు. "అంత మాట అనకండి మేడమ్ గారండీ! దసరా నాడు, ముత్తైదువకి, పెట్టిన బొట్టు తుడిచేత్తారా? మీకు చేతులెలా వత్తాయండీ? ఊరికి అరిట్టం. నా పీక తెగ్గోసినా తుడవనివ్వనండి."

వెనకాల మా సిబ్బంది అంతా "అవునవును, అరిష్టం" అన్నారు. కొంగు నా చేతిలోంచి దానంతటదే జారింది. నిజం చెప్పద్దూ, ఆ మాట విన్నాక నాకూ చెయ్యి రాలేదు. మనవరాలి బారసాల పెట్టుకుని ఎవరి బొట్టో తుడవమంటే ఎలా తుడుస్తాను?

"అదియును గాక" అన్నారు కమిషనర్ గారు సంతోషంగా, "లేబుల్‌ను శుభ్రపరచుట నిర్వహణ కిందికి వచ్చును. నిర్వహణకు ముందు స్కాన్ తప్పనిసరి."

స్కాన్ కావాలంటే తుడవాలి, తుడవాలంటే స్కాన్ కావాలి. ఈ సమస్యపై ఒక ఉపసంఘం వేసి, పండగ సెలవుల తర్వాత సమావేశం అవ్వాలని తీర్మానించి, అందరూ ప్రసాదం తిని ఇళ్లకి వెళ్లారు. చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు లేక పులిహోర చేతులు పంచెలకే తుడుచుకున్నారు.

సాయంత్రం వియ్యాలవారు దిగారు. ఒక బస్సూ, దాని వెనక ఒక వ్యానూ. రత్నమాణిక్యం గారు గుమ్మంలోనే ఆగి, కాళ్ల వైపు చూసుకుంది. నేను చెంబుడు నీళ్లు ఇచ్చాను. మరో చెంబు కోసం చెయ్యి చాపింది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఏంటి వదినగారూ, నీళ్ల సరఫరాలో పెద్దుద్యోగం అన్నారు?"

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. "పొద్దున్నకి వచ్చేస్తాయండి వదినగారూ, మా పంపుకి చిన్న అలంకారం జరుగుతోంది" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

తెల్లవారింది. వంటవాళ్లు గాడిపొయ్యి తవ్వుకుని, డేగిసాలు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నారు. "నీళ్లు రాకపోతే మేం వేరే పెళ్లికి పోతాం అమ్మగారూ" అన్నాడు వాళ్ల మేస్త్రీ. లోపల ఉన్న ఒక్క బిందెడు నీళ్లు కాచి పిల్లకి పోశారు. హైమ దాని ఒంటికి పసుపు రాసి, నుదుట ఎర్రటి బొట్టు పెట్టి ఒళ్లో పడుకోబెట్టుకుంది. రత్నమాణిక్యం గారు వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది.

"అయ్యో రామ! పసుపు రాశారు, బొట్టు పెట్టారు, కాటుకేదీ? కాటుక లేని మొహం మొహమేనా? దిష్టి తగలదూ?" అంటూ, నేను ఆముదం దీపం మీద పట్టి భరిణెలో దాచిన కాటుక తీసి, పిల్ల నుదుటి బొట్టు మీదే ఇంత నల్లచుక్క పెట్టింది. బొట్టు తుడవలేదు, ఊరికే దాని మీద పెట్టింది. ఎర్రబొట్టు కాస్తా నల్లబొట్టు అయింది.

నేను భరిణె ఆవిడ చేతిలోంచి లాక్కుని వీధిలోకి పరిగెత్తాను.

"వదినగారూ! పిల్ల కాలికి ఇంకా పెట్టలేదు!" అని ఆవిడ నా వెనకే పరిగెత్తింది.

కమిషనర్ గారు కూడా స్నానం లేక పొద్దున్నే పంపుహౌసు అరుగు మీదే కూర్చుని ఉన్నారు, జుట్టు చెదిరి, పక్కన మఖమల్ సంచితో. నేను రొప్పుతూ, "సార్, బొట్టు తుడవను. గంగమ్మకి కాటుక పెడతాను. పసుపూ బొట్టూ పెట్టి కాటుక పెట్టకుండా వదిలేయడం ఏం మర్యాదండీ?" అన్నాను.

"లేబుల్‌ను తాకుట నిర్వహణ..."

"నిర్వహణ కాదండి, అలంకారం. నిన్న తమరు పెట్టిన బొట్టు నిర్వహణేనాండీ? అయితే స్కాన్ చేయకుండా ఎలా పెట్టారు?"

ఆయన సర్క్యులర్‌లోని నిబంధనలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. "అలంకరణమును గురించి సర్క్యులర్ మౌనముగా నున్నది" అన్నారు చివరికి.

సూరిబాబు మొహం విప్పారింది. "కాటుకంటే శుభమేనండి, ఎట్టండి ఎట్టండి!"

నేను వాకిట్లో పొద్దున్నే ముగ్గు వేయందే కాఫీ తాగని మనిషిని. ఆఫీసు ఫోనులో నిచ్చెనకి అంటించినప్పుడు తీసిన పాత ఫోటోలో లేబుల్ ఎలా ఉందో చూసుకుంటూ, మూడు బొట్ల మీదా మూడు చదరాలు, చుట్టూ గళ్లు, పుల్లతో కాటుక దిద్దాను. రత్నమాణిక్యం గారు పక్కన నిలబడి, "ఆ మూల వంకర వచ్చింది వదినగారూ" అంటూనే ఉంది. పచ్చటి పసుపు మీద నల్లటి కాటుక. కమిషనర్ గారు ఫోను పెట్టారు.

"పరికరం గుర్తించబడినది."

టక్కుమని తాళం తెరుచుకుంది. సూరిబాబు కేక పెట్టాడు, నేను కేక పెట్టాను, రత్నమాణిక్యం గారు కూడా, దేనికో తెలియకపోయినా, కేక పెట్టింది. ఫోను తెర మీద 'నిర్వహణ చరిత్ర' అని ఒక మీట ఉంటుంది. ఇన్నాళ్లలో ఎవరూ దాన్ని నొక్కలేదు. సంబరంలో కమిషనర్ గారి బొటనవేలు దానికి తగిలింది. ఆయన పైకి చదివారు.

"లేబుల్ తుడవబడినది. లేబుల్ తుడవబడినది. లేబుల్ తుడవబడినది, మెరుపు సంతృప్తికరం. లేబుల్ తుడవబడినది..." చదువుతూ చదువుతూ ఆయన ఫోను తెర నా వైపు తిప్పారు. "చూశారా భ్రమరాంబ గారూ! ఒక్క దినము కూడా తప్పలేదు. ఇంతటి నిర్వహణ రాష్ట్రములో ఏ పంపునకు కలదు?"

సూరిబాబు స్విచ్ వేశాడు. గంగమ్మ ఒక్కసారి మూలిగి, ఎండుకాలవలో గడ్డపార ఈడ్చినట్టు అరిచి, తిరగడం మొదలుపెట్టింది. అది అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. "సంతోషమండి, కాటుకెట్టారు కదండీ" అన్నాడు సూరిబాబు.

నీళ్లు వచ్చాయి. అమ్మయ్య! వంటవాళ్లు డేగిసాల మీంచి లేచారు. ముహూర్తానికి పిల్లని ఉయ్యాలలో వేశాం, పళ్లెంలో బియ్యం మీద వాళ్ల నాన్న పిల్ల పేరు రాశాడు, ముత్తైదువలు పాటలు పాడారు. రత్నమాణిక్యం గారు తన పక్కవాళ్లతో, "మా వదినగారు చిటికె వేస్తే ఊరికి నీళ్లు వస్తాయి. నా కళ్లతో నేను చూశాను, కాటుకతో వేసింది చిటికె" అని చెబుతుంటే నేను దూరంగా నిలబడి ఆ మాట నాలుగుసార్లు విన్నాను. బంతి మధ్యలో ఆవిడ ఉప్పుగిన్నె అడగలేదు. ఇంకేం కావాలి నాకు?

ఆఖరి బంతిలో కమిషనర్ గారు, ఆయన పక్కన రత్నమాణిక్యం గారు, వరసగా హైమ అత్తవారు కూర్చున్నారు. పప్పు, దప్పళం, పూర్ణాలు అయ్యి పెరుగన్నాల దాకా వచ్చారు. కమిషనర్ గారు తృప్తిగా వేళ్లు నాకుతూ, ఇకపై ప్రతి పరికరానికీ రోజూ కాటుక దిద్దాలని, నన్ను అలంకరణ విభాగానికి ఇన్‌ఛార్జిగా వేస్తానని ప్రకటించారు. సరిగ్గా అప్పుడు పెరట్లో కుళాయి రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

సూరిబాబు పరిగెత్తుకొచ్చాడు. "గంగమ్మ పట్టేసిందండీ! గ్రీజులేక బేరింగులు ఎండిపోయి, బిగుసుకుపోయిందండీ, చెయ్యేసి తిప్పినా కదల్టం లేదండీ!"

"లేబుల్ ఎట్లున్నది?" అన్నారు కమిషనర్ గారు ఆందోళనగా.

"లేబులు బంగారంలా ఉందండి."

"హమ్మయ్య."

విస్తళ్ల ముందు అందరూ పెరుగు చేతులు పైకెత్తి పట్టుకుని కూర్చున్నారు. లేవడానికి లేదు, కడుక్కోవడానికి లేదు. రత్నమాణిక్యం గారు నా వైపు తిరిగి చూసింది. పెళ్లిలో ఉప్పు తగ్గింది, బారసాలలో చెయ్యి కడగనివ్వలేదు అని ఈవిడ నా మనవరాలి పెళ్లిలో కూడా చెప్పుకుంటుంది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున నీళ్లు రాగానే పిల్ల సాయంత్రం స్నానానికని ఒక గంగాళం నింపి పెరట్లో మూత పెట్టాను. లోటా ముంచుకొచ్చి ముందుగా వియ్యపురాలి చేతి మీద పోశాను. తర్వాత వరసగా వాళ్లవాళ్లందరికీ పోశాను. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ, "ముందుచూపు అంటే మా వదినగారిదే" అంది, అందరికీ వినపడేలా. నా జన్మ ధన్యమైంది.

చివరి లోటాతో కమిషనర్ గారి ముందు నిలబడ్డాను. ఆయన చెయ్యి చాపారు. నేను లోటా వంచబోయి ఆగాను. ఆయన మంచివారని ముందే చెప్పాను. నేను అంత మంచిదాన్ని అని ఎక్కడా చెప్పలేదు.

"సార్, గంగాళానికి లేబుల్ లేదండి."

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"మూలపరికరం పట్టేసింది. ఇది అనధికార నీరండి. ఉద్యోగి గాని, పౌరుడు గాని వినియోగించరాదని తమరి సర్క్యులర్, నా చెక్కబీరువాలోనే ఉంది."

పెరుగు ఎండి ఆయన వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. ఒక ఈగ వచ్చి బొటనవేలి మీద వాలింది. ఆయన దాన్ని చూశారు, లోటాని చూశారు, ఊరంతటినీ చూశారు.

"ఈ ఒక్క పర్యాయమునకు... స్కాన్ అవసరము లేదు" అన్నారు, బాగా చిన్న గొంతుతో.

"ఇకమీదట కూడానా అండీ?"

"ఇకమీదట కూడానూ."

"గ్రీజు డబ్బా తాళం కూడానా అండీ?"

"అదియును."

"అయితే రాతపూర్వకంగా ఇప్పించండి సార్" అని అటెండరు చేత కాగితం, కలం తెప్పించి విస్తరి పక్కన పెట్టించాను.

కమిషనర్ గారు అతుక్కుపోయిన కుడిచెయ్యి కలం దాకా తీసుకెళ్లి, వెనక్కి తీసుకుని, నా మొహంలోకి చూసి మొట్టమొదటిసారి మామూలు తెలుగులో అరిచారు.

"చెయ్యి కడగందే ఎలా రాయనమ్మా తల్లీ!"